బాతుల గన్ను పేలడం లేదు, కుక్క మాత్రం నవ్వుతూనే ఉంది

#1 అటకపెట్టె
అటక సర్దుతుంటే అట్టపెట్టెలో పాత టీవీ గేము దొరికింది. రెండు కంట్రోలర్లు, నాలుగు క్యాసెట్లు, ఒక ప్లాస్టిక్ గన్ను. వైర్లన్నీ చిక్కుపడిపోయి ఉంటే విడదీయడానికే గంట పట్టింది. పని చేస్తుందన్న ఆశ లేదు గానీ క్యాసెట్ ఊది పెట్టి స్విచ్ వేస్తే డక్ హంట్ మొదలైంది. ఆ మ్యూజిక్ వినగానే ఒళ్ళు జలదరించింది.

అంతవరకు బాగానే ఉంది. గన్ను మాత్రం పేలడం లేదు. ట్రిగ్గర్ నొక్కితే టక్కుమంటోంది, తెర ఒక్కసారి మినుక్కుమంటోంది, బాతు హాయిగా ఎగిరిపోతోంది. గన్ను తెరకు ఆనించి కాల్చినా అంతే. ప్రతిసారీ ఆ కుక్క గడ్డిలోంచి లేచి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. పక్కనే మా చెల్లి కూడా.

గన్ను పాడైందంటారా? ఇంకో సంగతి. ఈ ఆటలన్నీ నాకు కంఠతా వచ్చు, కానీ వీటిని చేసింది ఎవరో, ఆ కంపెనీలు ఇప్పుడు ఉన్నాయో లేదో ఒక్క ముక్క తెలియదు. తెలిసినవాళ్ళు చెప్పండి, తీరిగ్గా చదువుకుంటా.

#2 సోల్డరింగ్‌మామ
గన్నుకేం కాలేదు తమ్ముడూ. తేడా అంతా నీ టీవీలో ఉంది.

ఆ గన్ను దేన్నీ కాల్చదు. దాని మూతిలో ఉన్నది వెలుతురును పట్టే సెన్సర్. నువ్వు ట్రిగ్గర్ నొక్కగానే గేము తెరను ఒక ఫ్రేము మొత్తం నల్లగా చేస్తుంది, ఆ తర్వాతి ఫ్రేములో బాతు ఉన్న చోట మాత్రం తెల్లటి చతురస్రం గీస్తుంది. ముందు చీకటి, వెంటనే వెలుతురు సెన్సర్‌కి కనపడితే తగిలినట్టు లెక్క. రెండు బాతులుంటే ఒకదాని తర్వాత ఒకటి రెండు ఫ్రేముల్లో చూపించి ఏది తగిలిందో తేల్చుకుంటుంది. ముందు నల్లగా చేయడం ఎందుకంటే, నీలాంటి తెలివైనవాడు బల్బు వైపు గురిపెట్టి మోసం చేయకుండా.

పాత డబ్బా టీవీలో ఇదంతా సెకనులో అరవయ్యో వంతు చొప్పున లెక్క తప్పకుండా జరిగిపోతుంది. కొత్త టీవీ వచ్చిన బొమ్మను ముందు తను సాగదీసి మెరుగుపెట్టి అప్పుడు చూపిస్తుంది, ఈలోపు గేము "తగల్లేదు" అని తేల్చేసి ఉంటుంది. పైగా డబ్బా టీవీ బొమ్మను గీతలు గీతలుగా, సెకనుకు దాదాపు 15 వేల గీతల వేగంతో గీస్తుంది, గన్ను లోపలి సర్క్యూట్ ఆ మినుకుకే స్పందించేలా ఉంటుంది. నిలకడగా వెలిగే కొత్త తెర దానికి కంటికి ఆననట్టే. కాబట్టి డబ్బా టీవీ వెతుకు.

అన్నట్టు క్యాసెట్ ఊదడం మానెయ్. ఊదడం వల్ల ఏమీ కాదు, తీసి మళ్ళీ పెట్టడం వల్ల పిన్నులు సరిగ్గా తగిలి పని చేస్తుంది. మన నోటి తడికి ఆ పిన్నులు తుప్పు పడతాయి. దూదితో, ఆల్కహాల్‌తో తుడువు.

#3 నీలిముళ్ళు
చిన్నప్పటి నుంచి ఊదుతున్నాం మామా, ఇప్పుడొచ్చి ఊదొద్దంటే ఎలా 😄

డబ్బా టీవీ మాట వచ్చింది కాబట్టి. సోనిక్ మొదటి భాగంలో జలపాతం గుర్తుందా, వెనకాల ఉన్నది లీలగా కనిపించేది? అది నడిచే సెగా వాళ్ళ మెగా డ్రైవ్ మెషీన్‌కి అలా పారదర్శకంగా చూపించే సత్తా లేదు. నిలువు గీతలు ఒకటి విడిచి ఒకటి గీశారు, డబ్బా టీవీ వైరులో పక్కపక్క రంగులు కలిసిపోయి నీళ్ళలా కనిపించాయి. అదే గేము ఇప్పటి తెర మీద పెడితే జలపాతం కాస్తా కిటికీ ఊచల్లా ఉంటుంది. టీవీ లోపాన్ని కూడా రంగుల డబ్బాలా వాడుకున్నారు.

#4 అటకపెట్టె
మామా దండం. డబ్బా టీవీ కోసం వేట మొదలైంది. ఒక డౌటు, ఆ కుక్కను కాల్చడం కుదురుతుందా? జీవితాశయం.

#5 లెవెల్256
ఇంటి గేములో కుదరదు. నాణెం వేసి ఆడే ఆర్కేడ్ మెషీన్‌లో వచ్చిన రకంలో మాత్రం బోనస్ రౌండులో కుక్క మధ్యలోకి దూకుతుంది, అప్పుడు తగులుతుంది. అయినా ఆనందపడకు, రౌండు అక్కడితో అయిపోతుంది.

#6 టెట్రిస్‌అక్క
గన్ను వెనక ఉన్న మనుషుల కథ నేను చెప్తా.

ఈ డక్ హంట్ చేసిన నింటెండో 1889లో జపాన్‌లోని క్యోటోలో పేక ముక్కలు చేసే కంపెనీగా మొదలైంది, ఇది చాలామందికి తెలుసు. 1960లలో ఆ ఫ్యాక్టరీలో యంత్రాలు చూసుకునే పనిలో గున్‌పే యోకోయ్ అనే కుర్రాడు ఉండేవాడు. ఖాళీ సమయంలో సాగే చెయ్యి బొమ్మ ఒకటి సొంతానికి చేసుకుంటే యజమాని యమౌచి చూసి, తిట్టకుండా, దాన్నే అమ్మకానికి తయారు చేయమన్నాడు. 1966లో అల్ట్రా హ్యాండ్ పేరుతో వచ్చింది. తర్వాత షార్ప్‌లో వెలుతురును పట్టే సెల్స్ అమ్మే మసయుకి ఉయెమురా పరిచయమయ్యాడు, ఆ సెల్స్‌తో 1970లో గన్ను బొమ్మలు వచ్చాయి. టీవీ ఊసే లేని గన్నులవి. ఆ ఉయెమురానే తర్వాత నింటెండోలో చేరి, 1983లో వచ్చిన ఫామికామ్ అనే ఇంటి గేము మెషీన్ డిజైన్ చేశాడు. అంటే అటకపెట్టె చేతిలో ఉన్న గన్నుకి తాత, గేము కన్నా ముందు పుట్టాడన్నమాట.

యోకోయ్ సిద్ధాంతం నాకు చాలా ఇష్టం. కొత్త టెక్నాలజీ వెంట పడొద్దు, పాతబడి చవకైపోయినదాన్ని కొత్తగా వాడు అంటాడు. 1989లో చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ అలాగే వచ్చింది. రంగుల్లేవు, తెర వెనక లైటు లేదు, ఆకుపచ్చ పాచి రంగు తెర. సెగా గేమ్ గేర్‌కి రంగులూ ఉన్నాయి, లైటూ ఉంది, కానీ ఆరు బ్యాటరీలు వేస్తే నాలుగైదు గంటల్లో చల్లబడేది. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో పది గంటలు దాటి హాయిగా నడిచేది. ఎవరు గెలిచారో చెప్పక్కర్లేదు.

దాంతో పాటు వచ్చిన టెట్రిస్‌ని 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ రాశాడు, బొమ్మలు గీయలేని కంప్యూటర్ మీద బ్రాకెట్ గుర్తులతో ముక్కలు చూపిస్తూ. హక్కులు సోవియట్ ప్రభుత్వానివి. ప్రపంచమంతా ఆడింది, ఆయనకు రాయల్టీలు రావడం 1996 తర్వాతే మొదలైంది.

#7 నీడమనిషి
నా పేరు చూస్తే తెలిసిపోయి ఉంటుంది. ప్రిన్స్ ఆఫ్ పర్షియా, 1989. జోర్డాన్ మెక్నర్ దాదాపు ఒంటిచేత్తో చేశాడు. తమ్ముడికి తెల్లబట్టలు వేసి పరిగెత్తించి, దూకించి, వేలాడదీసి వీడియో తీసి, ఒక్కో ఫ్రేమునూ చేత్తో గీసుకున్నాడు. అందుకే ఆ రాకుమారుడు అంచు దగ్గర ఆగలేక తూలినప్పుడు మన కడుపులో తిప్పినట్టు ఉండేది.

అసలు కథ నీడమనిషిది. గేములో కత్తియుద్ధం ఉండాలని తోటివాళ్ళు పోరుపెట్టారు గానీ ఆపిల్ 2 కంప్యూటర్‌లో ఇంకో మనిషి బొమ్మలు పెట్టే చోటు లేదు, మెమరీ నిండిపోయింది. అప్పుడు రాకుమారుడి బొమ్మనే తీసుకుని, ఒక్క బిట్ పక్కకు జరిపి దాని మీదే వేసి చూస్తే మిలమిలలాడే దయ్యంలాంటి ఆకారం వచ్చింది. అదే శత్రువు. అద్దంలోంచి దూకి బయటికొస్తాడు, మనం తాగబోయే సీసా వాడు తాగేస్తాడు, చివర్లో ఎదురుగా నిలబడతాడు. కత్తితో పొడిస్తే మన ప్రాణమే తగ్గుతుంది. వాణ్ణి గెలవాలంటే కత్తి ఒరలో పెట్టేసి ఎదురెళ్ళాలి. ఇది కనిపెట్టడానికి నాకు సెలవులు మొత్తం పట్టింది, ఆ ఇరుకు మెమరీయే లేకపోతే ఈ ఆలోచన పుట్టేదే కాదు.

ఆ గేము సోర్స్ కోడ్, అంటే ఆయన రాసిన అసలు ప్రోగ్రాం, పోయిందనే అనుకున్నారు. 2012లో వాళ్ళ నాన్న పాత పెట్టెలు సర్దుతుంటే ఫ్లాపీలు దొరికాయి. అటకపెట్టె అన్నా, మీ అటక ఇంకోసారి చూసుకోండి.

#8 లెవెల్256
మెమరీ కథలు మొదలెడితే తెల్లారిపోతుంది. సూపర్ మారియో మొత్తం 40 కిలోబైట్లు, మీ ఫోన్లో ఒక్క ఫోటో దానికి వంద రెట్లు ఉండొచ్చు. అందులో మేఘమూ పొదా ఒకటే బొమ్మ, రంగు మార్చారంతే. 1978 స్పేస్ ఇన్వేడర్స్‌లో శత్రువులు తగ్గేకొద్దీ వేగం పెరుగుతుంది కదా, అది కూడా మొదట కావాలని పెట్టింది కాదు. గీయాల్సిన బొమ్మలు తగ్గి ప్రాసెసర్ తేలికపడి వేగం పెరిగింది, నిషికాడో దాన్ని అలాగే ఉంచేశాడు. ఆట పట్టు మొత్తం అందులోనే ఉంది.

ఇక నా పేరు. ప్యాక్‌మ్యాన్‌లో లెవెల్ నంబరు దాచేది ఒక్క బైట్‌లో, 255 దాటితే లెక్క తప్పి 256వ లెవెల్లో సగం తెర అక్షరాల చెత్త అయిపోతుంది. అక్కడిదాకా నేనెప్పుడూ వెళ్ళలేదు, పేరు మాత్రం పెట్టుకున్నా.

#9 చేదుమాత్ర
అందరూ కంపెనీలకు హారతి పడుతున్నారు కాబట్టి కాస్త చేదు.

అటారీనే తీసుకోండి. 1972లో బుష్నెల్, డాబ్నీ పెట్టారు, పాంగ్‌తో పేరొచ్చింది, 1976లో బుష్నెల్ దాన్ని వార్నర్‌కి అమ్మేశాడు. ఆ తర్వాత గేము రాసినవాడి పేరు ఎక్కడా వేయనిచ్చేవాళ్ళు కాదు. వాళ్ళ అటారీ 2600 అనే ఇంటి మెషీన్‌లో ర్యామ్ ఎంతో తెలుసా, 128 బైట్లు. కిలోబైట్లు కాదు, బైట్లు. టీవీ ఒక్కో గీత గీస్తుంటే దాని వెంట పరిగెడుతూ ఆ గీతకు కావలసింది అందించేలా కోడ్ రాయాలి. అలాంటి పని చేసినవాడికి పేరు లేదు. వారెన్ రాబినెట్ ఒళ్ళు మండి అడ్వెంచర్ గేములో రహస్య గది కట్టి, గోడలో కలిసిపోయే ఒక్క చుక్కను తీసుకెళ్తేనే తెరుచుకునేలా చేసి, లోపల తన పేరు రాసుకున్నాడు. కంపెనీకి తెలిసేసరికి ఆయన వెళ్ళిపోయాడు, తీసేయడం ఖర్చని వదిలేశారు.

ఇంకో నలుగురు, డేవిడ్ క్రేన్, మిల్లర్, కప్లన్, వైట్‌హెడ్, తమ గేములు ఎంత తెస్తున్నాయో లెక్క చూసుకుని బాసు దగ్గరికెళ్తే, మీకూ అసెంబ్లీ లైన్లో బిగించేవాళ్ళకూ తేడా లేదన్నట్టు మాట్లాడాడని క్రేన్ తర్వాత చాలాసార్లు చెప్పాడు. బయటికొచ్చి 1979లో యాక్టివిజన్ పెట్టారు. పెట్టె మీద గేము చేసినవాడి పేరు వేశారు. సంతోషం. ఆ యాక్టివిజనే పెరిగి పెరిగి 2023లో 68.7 బిలియన్ డాలర్లకు మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్ళింది, అప్పటికి ఆ నలుగురిలో ఎవరూ అందులో లేరు. ఇప్పుడు అటారీ పేరుతో ఉన్న కంపెనీకీ 1972 మనుషులకూ కూడా సంబంధం లేదు, పేరు బోర్డు చేతులు మారుతూ వచ్చింది. 2024లో అదే అటారీ తన పాత పగవాడు ఇంటెలివిజన్ పేరును కూడా కొనేసింది. ఇద్దరూ పోయాక బోర్డులు రెండూ ఒకే గోడకు వేలాడుతున్నాయి.

మీరు దేనికి దండం పెడుతున్నారో చూసుకోండి, మనిషికా బోర్డుకా?

#10 నీలిముళ్ళు
చేదుమాత్ర గారూ, సగం ఒప్పుకుంటా. మిగతా సగానికి సెగా కథ వినండి.

సెగా చేసిన తప్పులు నాకంటే ఎవరికీ ఎక్కువ తెలియవు, ఎందుకంటే ప్రతి తప్పుకీ నేను ఏడ్చాను. 1995 మేలో E3 అనే గేముల ప్రదర్శనలో తమ కొత్త మెషీన్ సాటర్న్‌ని ముందు చెప్పకుండా 399 డాలర్లకు ఆ రోజే అమ్మకానికి పెట్టేశారు, సరుకు అందని పెద్ద దుకాణాలకు మండింది, గేములు చేసేవాళ్ళు సిద్ధంగా లేరు. అదే ప్రదర్శనలో సోనీ మనిషి వేదిక మీదికి వచ్చి తమ ప్లేస్టేషన్ ధర "299" అని ఒక్క అంకె చెప్పి దిగిపోయాడు. అక్కడే సగం ఆట అయిపోయింది. ఆ సోనీ అసలు ఈ రంగంలోకి పూర్తిగా దిగిందే నింటెండోతో సీడీ ఒప్పందం 1991లో అందరి ముందూ బెడిసికొట్టిన కసితో, అది వేరే కథ.

సెగా తర్వాతి మెషీన్ డ్రీమ్‌కాస్ట్ మాత్రం తప్పు కాదు. 1998లో జపాన్‌లో వచ్చింది. మెషీన్‌లోనే మోడెమ్, కంట్రోలర్‌లో చిన్న తెర ఉన్న మెమరీ కార్డు. చేపకు మనిషి ముఖం పెట్టి మైకులో మాట్లాడించిన గేము చేసే పిచ్చి ధైర్యం ఇంకెవరికుంది? 90 లక్షల చిల్లర అమ్ముడైనా అప్పులు తీరలేదు. 2001 జనవరి 31న ఆపేస్తున్నామని ప్రకటించారు. అప్పుడు సెగా పెద్ద ఇసావో ఒకావా తన సొంత వాటాలు, దాదాపు 70 కోట్ల డాలర్ల విలువైనవి, కంపెనీకి రాసిచ్చేశాడు. అప్పటికే జబ్బుతో ఉన్నాడు, మార్చిలో పోయాడు. సెగా బతికి బట్టకట్టింది, మెషీన్లు మానేసి గేములు చేసుకుంటోంది. ఇప్పుడు చెప్పండి, ఒకావాను మనిషి ఖాతాలో వేయాలా, కంపెనీ ఖాతాలోనా?

#11 చేదుమాత్ర
మనిషి ఖాతాలో. కానీ ఈ కథ నాకు తెలియదు, బాగా చెప్పారు. ఒక మార్కు మీకు.

#12 ట్యాంకులతాత
కుర్రాళ్ళంతా జపాన్ చుట్టూ తిరుగుతున్నారు, పీసీ వాళ్ళ తరఫున నేను.

వెస్ట్‌వుడ్ అనే గేముల కంపెనీ. 1992లో డ్యూన్ 2, 1995లో కమాండ్ అండ్ కాంకర్, మరుసటి ఏడాది రెడ్ అలర్ట్. మౌసుతో ట్యాంకుల చుట్టూ డబ్బా గీసి యుద్ధానికి పంపడం మాకు నేర్పింది వీళ్ళే. 1998లో ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్) ఆ కంపెనీని కొన్నది, 2003లో మూసేసింది. ఈఏ కొన్న ఆరిజిన్‌కీ బుల్‌ఫ్రాగ్‌కీ అదే గతి. పెద్ద చేప చిన్న చేపను మింగడం మామూలే, కానీ వీళ్ళు మింగి అరిగించుకోలేదు కూడా.

అక్కడితో ఆపితే చేదుమాత్ర గెలిచినట్టే. అయితే 2020లో అదే ఈఏ, పాత వెస్ట్‌వుడ్ మనుషులు కొందరు పెట్టుకున్న పెట్రోగ్లిఫ్‌ని పిలిచి పాత రెండు గేములకూ మెరుగులు దిద్దించింది, సంగీతానికి మళ్ళీ ఫ్రాంక్ క్లెపాకీనే. గేము కోడ్‌లో కొంత భాగం బయట పెట్టింది, 2025లో జనరల్స్‌తో సహా పాతవాటిలో కొన్నింటి సోర్స్ అందరికీ ఇచ్చేసింది. మూసిన చేత్తోనే తలుపు తీసింది, ఏమనాలో నాకూ తెలియదు. నేను మాత్రం ఆ రాత్రి నిద్రపోకుండా సి ప్లస్ ప్లస్ చదువుతూ కూర్చున్నా, ఒరే ఖనిజం ఏరుకొచ్చే ఈ హార్వెస్టర్ బండి ఎప్పుడూ శత్రువు ముందుకే ఎందుకు పోతుందో ఇప్పుడైనా తెలుస్తుందేమోనని.

#13 నీడమనిషి
తెలిసిందా తాతా?

#14 ట్యాంకులతాత
లేదు. ఇంకా పోతూనే ఉంది.

#15 పాతకీబోర్డు
ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ చేసిన ఎన్‌సెంబుల్ కూడా అంతే, 2001లో మైక్రోసాఫ్ట్ కొన్నది, 2009లో మూసేసింది. గేము మాత్రం చావలేదు, 1999 నాటి రెండో భాగానికి 2019లో కొత్త రూపు వచ్చింది, ఇప్పటికీ టోర్నమెంట్లు ఆడుతున్నారు. పూజారి "ఒలొలో" అనగానే మా ఇంట్లో అందరూ తలుపులేసుకుంటారు.

కోడ్ దాచుకోవడం గురించి ఒక మాట. సైలెంట్ హిల్ పాత గేముల హెచ్‌డీ కూర్పు 2012లో వచ్చినప్పుడు తప్పుల తడకగా ఉండటానికి ఒక పెద్ద కారణం, ఆ గేముల కంపెనీ కొనామి దగ్గర గేము చివరి కోడ్ లేకపోవడం. పూర్తికాని కోడ్ వేరే స్టూడియో చేతికిచ్చి పని చేయమన్నారు, అసలువాళ్ళు ఎప్పుడో సరిచేసిన తప్పులన్నీ పాపం వీళ్ళు మళ్ళీ సరిచేయాల్సి వచ్చింది. కింగ్‌డమ్ హార్ట్స్‌కీ అంతే, అసలు డేటా పోతే బయట అమ్మిన డిస్కులోంచి తవ్వి తీసుకున్నారు. కోట్లు తెచ్చిన గేము కోడ్ ఇలా పారేసుకుంటారా? అదే ఇళ్ళలో కూర్చున్న అభిమానులు ఒక్కో చిప్పునూ కాపీ తీసి 1997 నుంచీ మేమ్ అనే ఎమ్యులేటర్‌లో (పాత గేము మెషీన్‌లా నటించే ప్రోగ్రాంలో) భద్రంగా పెట్టుకున్నారు.

#16 కొత్తబొంత
అయితే ఆ పాత గేములు ఎక్కడ డౌన్‌లోడ్ చేసుకోవాలో లింకు పెట్టండి ప్లీజ్

#17 కాపలాదారు
లింకులు వద్దు, అడగొద్దు. ఎమ్యులేటర్ల గురించి మాట్లాడుకోవచ్చు.

#18 పాతకీబోర్డు
కాపలాదారు గారి మాట శిరోధార్యం. కానీ కొత్తబొంత అడిగినదాంట్లో తప్పు పట్టలేను. 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వాళ్ళు లెక్క తీస్తే, అమెరికాలో 2010కి ముందు వచ్చిన గేముల్లో 87 శాతం అప్పటికి మార్కెట్లో కొనడానికే దొరకడం లేదని తేలింది. డబ్బు ఇస్తామన్నా అమ్మేవాడు లేడు. లైబ్రరీలైనా పరిశోధకులకు దూరం నుంచి చూపించుకోవడానికి అనుమతివ్వమని అడిగితే 2024లో అక్కడి కాపీరైట్ ఆఫీసు కాదంది. అక్కడి చట్టం ప్రకారం కంపెనీ పనికి 95 ఏళ్ళు హక్కు. 1985 మారియో అందరిదీ అయ్యేది 2081లో. మనవలకు చెప్పి పెట్టుకోండి.

#19 చేదుమాత్ర
నేను కూడా లింకు అడగబోయి ఆగాను 😶

#20 సోల్డరింగ్‌మామ
టాపిక్ ఎటో పోయింది గానీ, అటకపెట్టె తమ్ముడూ, డబ్బా టీవీ దొరికితే రెండు మాటలు. వెనక మూత విప్పకు. స్విచ్ తీసేసి ప్లగ్ పీకినా లోపల వేల వోల్టులు నిలవ ఉండొచ్చు, పాతికేళ్ళుగా రిపేర్లు చేస్తున్న నేనే రెండుసార్లు ఆలోచిస్తాను. రెండోది, ఒక బాతు ఉండే మొదటి ఆట పెట్టి ఇంకో కంట్రోలర్ తగిలించి బాణాలు నొక్కు. బాతు ఎటు ఎగరాలో దానితో తిప్పొచ్చు. చాలామంది ఏళ్ళ తరబడి ఆడి కూడా ఈ సంగతి తెలుసుకోలేదు.

#21 టెట్రిస్‌అక్క
ఏంటీ!! మామా, ఇన్నేళ్ళు ఆడాను, నాకు తెలియదు. బాతు తనంతట తనే తెలివైనది అనుకున్నా.

#22 అటకపెట్టె
మూడు రోజుల తర్వాత వస్తున్నా. అన్ని పోస్టులూ చదివాను, సగం రెండుసార్లు చదివాను.

బంధువుల ఇంట్లో స్టోర్ రూములో బట్టల మూటల కింద డబ్బా టీవీ ఉంది. ఇద్దరం మోసుకొచ్చాం, నడుము ఇంకా నొప్పిగా ఉంది. మూత విప్పలేదు మామా, ఒట్టు. క్యాసెట్ ఊదలేదు, తుడిచాను. పెట్టి, గురి చూసి, ట్రిగ్గర్ నొక్కగానే తెర మినుక్కుమంది, బాతు గిరికీలు కొట్టుకుంటూ కింద పడింది. కుక్క దాన్ని మెడ పట్టుకుని పైకెత్తి చూపించింది. అరిచిన అరుపుకి పక్క గదిలోంచి అందరూ వచ్చారు.

వరసగా ఆరు కొట్టాను. తర్వాత ఏమైందో తెలియదు, బాతు ఒక్కసారిగా పిచ్చిపట్టినట్టు ఎగరడం మొదలెట్టింది. ఎడమ అనుకుంటే కుడి, పైకి అనుకుంటే నేల మీదికి. ఒక్కటీ తగల్లేదు, కుక్క లేచి నవ్వింది. వెనక్కి తిరిగి చూస్తే మా చెల్లి ఒడిలో రెండో కంట్రోలర్.

మామా, ఆ రెండో సలహా ఇక్కడ రాయకుండా నాకు విడిగా చెప్పాల్సింది. తను కూడా ఈ పోస్టులు చదువుతోంది.